పిట్టకు పెట్టడానికి సలాలా దాకా

“ఈడ వాన పడుతున్నదే. సన్నగ, జల్లెడ పట్టినట్టు పడుతున్నది.”

“ఎడారిల వానేంది? పొద్దుగాల్నే తాగినవా? పెట్టెయ్ ఫోను.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. మా ఇంటాయన ఒమాన్ దేశంలో, సలాలా అనే ఊళ్లో ఉన్నాడు. నేను కోరుట్లలో, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఉన్నాను. పెట్టెయ్ అన్నదీ నేనే, పెట్టేసిందీ నేనే. ఆ సాయంత్రమే ఆయన గుండె ఆగిపోయింది.

అంతకుముందు ఇరవై మూడేళ్లు ఆయన మస్కట్‌లో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. అక్కడి ఎండ గురించి తప్ప ఇంకో మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు ఎండాకాలంలోనే తోటపని దొరికిందని సలాలాకు మారాడు. గల్ఫ్ అంటే అంతా ఒకటే గల్ఫ్ అనుకునేదాన్ని. ఇసుకలో వాన అంటే నవ్వులాటకు అంటున్నాడో, మత్తులో అంటున్నాడో అనుకున్నాను.

ఆయన శవం ఉన్న పెట్టె ఆరో రోజున వచ్చింది. దహనం అయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మా దిక్కున పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దహనమైన చోట ఉంచి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరికో, కోపమో మిగిలినట్టు. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ బిడ్డను మేం చూసుకుంటాం, నీ ఇల్లు నిలబెడతాం అని మాట ఇస్తారు. ఏదో ఒక మాటకు పిట్ట దిగుతుంది. మా ఆయన విస్తరి మీద మధ్యాహ్నం దాకా ఏదీ దిగలేదు. అందరూ అన్ని మాటలూ ఇచ్చారు. నేను నోరు తెరవలేదు. చివరికి మా బావగారు విస్తరిని వాగులో వదిలి “అయిపాయె, నడువుండ్రి” అన్నారు.

ఆ కోపం దేనికో నాకు తెలుసనుకున్నాను. మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఈ వానాకాలంలో ఆయన పోయిన చోటికే వెళ్లి, మళ్లీ పిట్టకు పెట్టి వచ్చాను. పెట్టానా లేదా అన్నది ఇప్పటికీ నాకు తెలియడం లేదు. అందుకే ఇదంతా చెబుతున్నాను.

మక్క కంకులు, ఇద్దరు అమ్మలు

నా బిడ్డ స్రవంతిని సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఇచ్చాం. అల్లుడు రెండేళ్ల నుంచి మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడు. నిరుడు బిడ్డనూ, పిల్లలనూ తీసుకెళ్లాడు. పెద్దవాడు చింటుకు ఆరేళ్లు, చిన్నది మిన్నుకు మూడు. ఈసారి నాకూ, వాళ్లమ్మకూ కలిపి టికెట్లు పంపాడు. ఆమె నాకు వియ్యంకురాలు, ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. మరమగ్గాలకు, వాళ్ల మాటలో సాంచెలకు, కండెలు చుట్టి చుట్టి ఆమె చేతులు ఖాళీగా ఉండలేవు. విమానంలో కూడా నా కొంగు చివర దారాలు పేనుతూనే కూర్చుంది.

బయలుదేరేముందు జగిత్యాల మార్కెట్టుకు పోయి లేత మొక్కజొన్న పాలకంకులు ఏరి ఏరి పన్నెండు కొన్నాను. మా ఆయనకు మక్క గారెలంటే ప్రాణం. ఆయన పోయిన రోజుల్లో కంకులు దొరకక విస్తరిలో అవి పెట్టలేదు. ఈసారి ఆ లోటు ఉండకూడదనుకున్నాను. కంకులను చీరల మధ్య చుట్టి పెట్టెలో పెట్టాను. మస్కట్‌లో దిగాక ఒక ఆఫీసరు పెట్టె తెరిచి, చీర మడత విప్పి, కంకి చూసి, ఇంకో మడత విప్పి, ఇంకో కంకి చూసి, పక్కవాణ్ని పిలిచి చూపించి నవ్వాడు. వదిన నా మోచేతిని పొడిచింది.

“నేను జెప్పలేదా వదినా? ఈల్లకు మక్కలు లేవా? గీ దేశంల కోళ్లేం తింటయి?”

ఆఫీసరు మడతలు మళ్లీ సర్ది ఇచ్చాడు. మా కంటే బాగా సర్దాడు.

మస్కట్ కిటికీ

మస్కట్‌లో రోడ్లు మా ఇంట్లో నేల కంటే శుభ్రంగా ఉన్నాయి. బయట నడిచే మనిషి కనిపించడు. ఎండ మొహం మీద పొయ్యి మూత తీసినట్టు కొడుతుంది. మర్నాడు పొద్దున వంటింటి కిటికీ మీద కాకి వాలింది. అచ్చం మన కాకే. బూడిదరంగు మెడ, అదే గొంతు. గల్ఫ్‌లో కాకి ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

“ఇగ సలాలా దాక ఎందుకు? ఈడ్నే పెట్టు, ముడుతది,” అంది వదిన.

“ఆయన పోయింది ఈడనా?” అన్నాను.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అల్లుడు మామూలుగా ఒక మాట అన్నాడు. “సలాలల ఇప్పుడు వాన పడుతది అత్తమ్మా. మూడు నెలలు తుంపర, మంచు. దేశమంత గాడికే పోతరు.”

నా చేతిలో ముద్ద కంచంలోనే ఆగిపోయింది. అల్లుడు ఫోనులో వీడియో కూడా చూపించాడు. పచ్చటి గుట్టలు, పొగమంచు, గొడుగులు. అది కేరళో మరేదో అయి ఉంటుంది, ఫోనులో ఏదైనా చూపిస్తారు అనుకున్నాను. నమ్మితే నేను అన్న మాటకు ఏం చేయాలో నాకు తెలియదు కదా.

తోటలో మా ఆయనతో కలిసి పనిచేసిన రఫీక్ అనే బంగ్లాదేశ్ మనిషి నంబరు, సలాలాలో ఉన్న మెట్‌పల్లి వాళ్ల ద్వారా అల్లుడు సంపాదించాడు. తోటలో విస్తరి పెట్టుకోవడానికి రమ్మన్నాడు ఆ మనిషి.

హైమా: ఏడు కప్పులు

అల్లుడు స్నేహితుడి దగ్గర పెద్ద కారు అడిగి తెచ్చాడు. సలాలాకు వెయ్యి కిలోమీటర్లు. కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయి రావడం పదహారు సార్లు చేసినంత. నిజ్వా దాటి, ఆదం అనే ఊరు దాటాక ఇక ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. చెట్టు లేదు, రాయి లేదు, గుట్ట లేదు. రోడ్డు నూలు పోగు సాగదీసినట్టు ఉంది. బయట మంట, కారు లోపల చలి. నేనూ, వదినా ఎడారిలో శాలువాలు కప్పుకుని కూర్చున్నాం.

చింటు వంద కిలోమీటర్లకొకసారి “ఆదిలాబాద్ అచ్చిందా?” అని అడుగుతున్నాడు. మన దేశంలో వాడికి తెలిసిన దూరమైన ఊరు అదొక్కటే. మిన్ను వదిన సిరిసిల్ల చీర మీద కక్కింది. వదిన తిట్టలేదు. “మా సాంచె మీద నేసిందేరా, ఉతికితే మల్ల కొత్తదే,” అని సీసా నీళ్లతో అక్కడే తుడుచుకుంది.

నాకు మాత్రం ఆ ఎడారిని చూస్తున్నకొద్దీ ఒక రకమైన ధీమా వచ్చింది. ఇక్కడ ఎక్కడ పడుతుంది వాన? ఆయన అబద్ధమే ఆడాడు, నేను అన్నది తప్పు కాదు. అలా అనుకోగానే సిగ్గేసింది. చచ్చిన మొగుడు అబద్ధాలకోరు కావాలని కోరుకునే ఆడది ఉంటుందా? మళ్లీ కిటికీ చూసేదాన్ని. మళ్లీ ధీమా. మళ్లీ సిగ్గు. రోజంతా ఇదే.

హైమా దగ్గర పెట్రోలు బంకులో ఒక కుటుంబం చాప పరుచుకుని గోడ నీడలో కూర్చుంది. ముసలాయనకు తెల్లటి గడ్డం, తలకు కుట్టుపని చేసిన టోపీ. మా చీరలు చూసి ఉర్దూలో పలకరించాడు. తాతలు బలూచిస్తాన్ నుంచి వచ్చారట. కోరుట్లలో మా పక్కిల్లు జైబున్నీసా వాళ్లది కాబట్టి నాకూ నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చు. చాప మీదికి రమ్మన్నారు. ఆయన భార్య ఖర్జూరాలు పెట్టి, చిట్టి కప్పుల్లో పసుపురంగు కాఫీ పోసింది. చక్కెర లేదు, యాలకుల వాసన. గొంతు దిగడం కష్టమే. మర్యాదకు తాగేశాను. ఆమె మళ్లీ పోసింది. తాగకపోతే బాగుండదని మళ్లీ తాగాను. ఆమె మళ్లీ పోసింది. ఏడు కప్పులయ్యాయి. నా గుండె దడదడ కొట్టుకుంటోంది. ఆమె కూడా, ఈ మనిషికి ఎంత దాహమో అన్నట్టు జాలిగా చూస్తూ పోస్తోంది. చివరికి ముసలాయన నా చేతిలో కప్పును తన వేళ్లతో అటూ ఇటూ ఊపి చూపించాడు. వాళ్లలో కప్పు ఊపితేనే చాలన్నట్టట. ఊపనంతసేపూ పోస్తూనే ఉంటారట. మన దగ్గర విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చాలు. చెయ్యి అడ్డం పెట్టి చూశాను కూడా, ఆమె చేతిని మెల్లగా పక్కకు తీసి పోసింది.

ఆమె “మీ ఆయన ఏడీ?” అని అడిగింది. ముసలాయన ఉర్దూలోకి మార్చి చెప్పాడు.

“సలాలాలో ఉన్నాడు,” అన్నాను.

వదిన నా దిక్కు తిరిగి చూసింది. నేనెందుకు అలా అన్నానో నాకే తెలియలేదు. కారెక్కాక కూడా వదిన ఆ మాట ఎత్తలేదు.

హైమాలోనే ఆ రోజు ఆగాం. ఒక హోటల్లో నేల మీద కూర్చోబెట్టి, చాటంత పళ్లెంలో ఆరుగురికీ కలిపి అన్నం, మాంసం పెట్టారు. అల్లుడూ, అత్తలూ, పిల్లలూ ఒకే పళ్లెంలో తినాలి. మా ఇంట్లో మగవాళ్లు తిన్నాకే నేను కూర్చునేదాన్ని. అల్లుడితో ఒక పళ్లెంలో చెయ్యి పెట్టాలంటే నా వేళ్లు ముందుకు పోలేదు. అల్లుడు తన దగ్గరి మాంసం ముక్కలు నా వైపు తోస్తున్నాడు, నేను వదిన వైపు తోస్తున్నాను, వదిన చింటు వైపు. చివరికి అన్ని ముక్కలూ చింటు ముందు చేరాయి. వాడు అన్నం ఒక్కటే తిన్నాడు.

తుమ్రైత్ దాటాక

రెండో రోజు మధ్యాహ్నం తుమ్రైత్ అనే ఊరు దాటాం. అక్కడి దాకా అదే ఎండ. తర్వాత రోడ్డు గుట్టల మీదుగా సముద్రం వైపు దిగుతుంది. ఒక మలుపు దగ్గర కారు తెల్లటి పొగలోకి జొరబడింది. ఏదో కాలుతోందనుకుని “ఆపు అల్లుడా, ఆపు!” అని అరిచాను. అల్లుడు లైట్లు వేసి, కిటికీ దించాడు. నా చెంప మీద సన్నటి తడి. జల్లెడ పట్టినట్టు. అచ్చం జల్లెడ పట్టినట్టే.

ఆ మలుపుకు అవతల నేలంతా పచ్చన. మన శ్రావణం లాంటి పచ్చన. గుట్టల మీద ఆవులు, వాటి పక్కనే ఒంటెలు. మనుషులు ఒళ్లు తడుపుకుంటూ రోడ్డు పక్కన నిలబడి నవ్వుతున్నారు. వాన పడితే చూరు కిందికి ఉరికే మనుషులనే చూశాను గానీ, వాన కిందికి ఉరికే మనుషులను అక్కడే చూశాను.

“వానే అవ్వా! వాన!” అని పిల్లలు చేతులు బయట పెట్టి అరుస్తున్నారు. స్రవంతి వెనక్కి తిరిగి “ఏమైందే అమ్మా, కండ్లల్ల నీళ్లు?” అంది.

“వాన పడ్డది,” అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

సలాలా: తీపి గారెలు

సలాలాలో ఊరంతా కొబ్బరి చెట్లు, అరటి తోటలు. రోడ్డు పక్కన వరసగా కొబ్బరిబోండాల గుడిసెలు. ఒక్కో బోండాం మన లెక్కలో నూరు రూపాయలకు పైనే. వదిన ధర విని బోండాన్ని అటూ ఇటూ తిప్పి, దానికి బంగారు తాపడం ఏమైనా ఉందా అని వెతికింది. కొట్టువాడు మలయాళీ. వదిన తెలుగులో బేరమాడింది, వాడు మలయాళంలో ఒప్పుకోలేదు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి బాగా అర్థమైంది.

మేం దిగిన గదుల్లో డిక్కీ తెరిస్తే నా కంకుల నుంచి పులిసిన వాసన. రెండు రోజులు ఎడారి ఎండలో మగ్గి, పొట్టు కింద గింజలు ముడుచుకుని బంక కట్టాయి. కోరుట్ల నుంచి మోసుకొచ్చిన పన్నెండు కంకుల్లో ఒక్కటీ పనికిరాలేదు. స్రవంతి నన్ను పెద్ద బజారుకు తీసుకెళ్లింది. అక్కడ ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కంకులున్నాయి. లేత పసుపు, ఒకే కొలత, మిషనులో పోసినట్టు. గింజ గిల్లి చూస్తే నీళ్లు, నోట్లో వేసుకుంటే చక్కెర. వేరే దారి లేక అవే కొన్నాం. గదుల కావలి మనిషి దగ్గర మిక్సీ అడిగి రుబ్బితే పిండి జావలా అయింది. శనగపిండి కలిపి, పచ్చిమిరపకాయలు రెట్టింపు వేసి, ఎలాగో గారెలనిపించాను. మెత్తగా, తీయగా ఉన్నాయి. ఆయన బతికుంటే ఒకటి కొరికి, మిగతావి గోడ అవతలి మేకకు వేసేవాడు.

మర్నాడు సముద్రం చూడ్డానికి వెళ్లాం. గట్టు మీద కూర్చుని పిల్లల కోసం రెండు గారెలు కాగితంలో పెట్టి ఇలా పక్కకు తిరిగానో లేదో, ఒక సముద్రపు పిట్ట దిగి రెండింటినీ ఎత్తుకుపోయింది. మిన్ను ఏడుపు.

వదిన లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. “ముట్టింది! ముట్టింది వదినా! అయిపాయె నీ పని!”

“ఊకో వదినా. నేను పిలువనేలేదు. ఆయన పోయిన జాగ కాదు, ఏం కాదు.”

“పిట్ట అచ్చిందా లేదా? గారె ముట్టిందా లేదా? ఇంకేం గావాలె నీకు?”

“పిలువకముందు అచ్చేది ఆకలి. పిలిస్తె అచ్చేది ఆయన.”

అల్లుడు ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఆ పిట్టే మళ్లీ వచ్చి అల్లుడి చేతిలో బిస్కెట్టు కూడా ఎత్తుకుపోయింది. వదిన కూర్చుంది.

తోటలో

నాలుగో రోజు పొద్దున తోటకు వెళ్లాం. గేటు దగ్గర రఫీక్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. చిన్న మనిషి, నెరిసిన మీసం. నన్ను చూసి చేతులు జోడించి “భాభీ” అన్నాడు. ఒక రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆయన పోయిన చోటు ఎక్కడని అడిగాను. ఒక కొబ్బరి చెట్టు చూపించాడు. రెండడుగులు వేసి, “నహీ, షాయద్ ఉధర్” అని ఇంకో దిక్కు చూపించాడు. అప్పుడు అక్కడంతా బొప్పాయి చెట్లుండేవట, కొట్టేసి అరటి పెట్టారట, గుర్తులన్నీ పోయాయట. నాలుగు దేశాల మీదుగా వచ్చినట్టు వస్తే చోటు కూడా ఒకటి కాదు, రెండయ్యాయి.

అప్పుడు అతను టీ గ్లాసు పక్కన పెట్టి నన్ను పరీక్షగా చూశాడు. “ఫోనులో తాగావా అని తిట్టింది మీరేనా?” అని ఉర్దూలో అడిగాడు.

స్రవంతి నా వైపు చూసింది. వదిన టీ తాగడం ఆపింది.

రఫీక్ నవ్వుతున్నాడు. ఆ రోజంతా ఆయన ఇదే మాట తోటలో అందరికీ చెప్పి నవ్వాడట. “మా ఇంటిది నమ్మతలేదు, నేను తాగి మాట్లాడుతున్ననంటున్నది” అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడట. వానను వీడియో తీసి పంపుదామని రఫీక్ ఫోను అడిగి తీయించుకున్నాడట. మంచులో అంతా తెల్లగా వచ్చింది, ఏమీ కనబడలేదు. రేపు ఎండ పొడ కాస్త వచ్చినప్పుడు తీద్దాం, అప్పుడు ఆమె నోరు మూతపడుతుంది అన్నాడట. సాయంత్రం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగాడట.

“బహుత్ హసా ఉస్ దిన్, భాభీ,” అన్నాడు రఫీక్. ఆ రోజు చాలా నవ్వాడని.

స్రవంతి నా చెయ్యి పట్టుకుంది. “గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదే నాకు?”

“ఏమని చెప్పాలె బిడ్డా? మీ నాయనను తిట్టి పంపిన అని చెప్పాలెనా?”

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుని, వెంటనే తేరుకుంది. “మరి గదే గద కోరిక! నీకు వాన సూపెట్టాలెనని. నువ్వు అచ్చి సూడనే సూసినవ్. ఇప్పుడు పెట్టు వదినా, రెక్కలు కట్టుకొని అస్తది సూడు పిట్ట!”

కోపం లేదని తెలిస్తే సంతోషించాలి కదా. నాకు సంతోషం రాలేదు. ఈ మూడేళ్లు నేను ఆ కోపంతోనే కాపురం చేశాను. పొద్దున లేస్తే దానికి సమాధానం చెప్పుకున్నాను, బీడీలు చుడుతూ దాన్ని బతిమాలాను. అది లేనే లేదంటే, ఇన్నాళ్లు నేను మాట్లాడింది ఎవరితో?

రఫీక్ ఒక అరటాకు కోసి ఇచ్చాడు. రెండు చోట్లకూ నడుమ ఆకు పరిచి అన్నం, కూర, తీపి గారెలు పెట్టాను. స్రవంతి నీళ్లు చల్లింది. అందరం షెడ్డు కిందికి వచ్చి నిలబడ్డాం. ఆయన పేరు నేను ఎన్నడూ నోటితో అనలేదు. “స్రవంతోళ్ల నాయనా, రా” అని పిలిచాను.

తుంపర పడుతూనే ఉంది. కాకి జాడ లేదు. కాకులు ఈ దిక్కుకు తక్కువే వస్తాయన్నాడు రఫీక్. రెండు గోరింకలు దిగాయి. ఆకు చుట్టూ నడిచాయి. ఒకటి గారెను చూసింది. అది రెండో గోరింక వైపు చూసి, రెండూ కలిసి ఎగిరిపోయాయి.

“పిల్లగాండ్లను మంచిగ సదివిపిస్తం మామా,” అన్నాడు అల్లుడు.

“అమ్మను నేను సూసుకుంట నాయినా,” అంది స్రవంతి.

“కోడలును నా బిడ్డ లెక్క సూసుకుంట అన్నా. ఇప్పుడు గూడ గట్లనే సూస్తున్న, కావాలంటె అడుగు,” అంది వదిన. స్రవంతిని చూసి, “చెప్పవే,” అని కూడా అంది.

ఏ పిట్టా రాలేదు. అందరూ నా వైపు తిరిగారు. మూడేళ్ల కింద నోరు తెరవనిది నేనొక్కదాన్నే. తప్పైంది అని చెప్పడానికే అంత దూరం వచ్చాను. కానీ ఆయన నవ్వుకున్నాడని విన్నాక ఆ మాట దేనికి చెప్పాలి? వాన చూపించాలన్నదే కోరికైతే, నేను వానలోనే నిలబడ్డాను కదా, ఇంకా ఎందుకు రావడం లేదు?

“నీకేం గావాల్నో నాకు తెల్వది,” అన్నాను గట్టిగా. “ఇరవై ఎనిమిదేండ్ల కాపురంల నువ్వు ఇంట్ల ఉన్నది ఎన్నొద్దులు? నీకేం ఇష్టమో నేనెట్ల ఎరుక వట్టాలె? మక్క గారెలంటే ఇష్టమని తెలుసు. అవి గూడ తియ్యగ అయినయి. నువ్వే జెప్పు.”

అరటి చెట్ల అవతల ఆకులు గలగలమన్నాయి. అందరం అటు చూశాం. ఒంటె. చింటు బయట మేస్తున్న ఒంటెలను చూడ్డానికి పోయి గేటు తెరిచి వదిలేశాడు. అది తీరిగ్గా, మా ఇంటికి తెలిసిన చుట్టం వచ్చినట్టు నడిచి వచ్చి, మెడ వంచి, గారెలు తిన్నది. అన్నం తిన్నది. తర్వాత అరటాకు కూడా తిన్నది. రఫీక్ “హట్! హట్!” అని అరుస్తూ గొడుగుతో ఉరికాడు. అది కదల్లేదు. నములుతూ తల ఎత్తి నా వైపే చూసింది. పొడుగాటి కనురెప్పలు, వాటి మీద తుంపర చుక్కలు. మూతికి గారె తునకలు.

“అవ్వా, తాత ఒంటె అయిండా?” అన్నాడు చింటు.

వదిన వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చింది. స్రవంతి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత రెండూ. అల్లుడు నవ్వు ఆపుకోలేక షెడ్డు వెనక్కి పోయాడు. రఫీక్ మాఫ్ కరో, మాఫ్ కరో అంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చాడు. నేను నవ్వానో ఏడ్చానో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మళ్లీ కోరుట్ల

తిరుగు దారి అదే దారి. హైమాలో ఈసారి కప్పు ఊపాను.

తిరిగి వచ్చాక ఇంటికి వచ్చిన వాళ్లందరినీ అడుగుతున్నాను. బీడీల కాడ రోజూ ఇదే పంచాయితీ. ఒకామె, ప్రాణమున్న ఏ జీవి ముట్టినా సరే, అయిపోయినట్టే అంటుంది. ఇంకొకామె, నాలుగు కాళ్ల జంతువు ముడితే ఆవు తప్ప ఇంకేదీ చెల్లదంటుంది. జైబున్నీసా, మా పుస్తకంలో ఒంటె గొప్ప జంతువు, నువ్వేం భయపడకు అంటుంది. పురోహితం చేసే మా అయ్యగారిని అడిగితే చాలాసేపు ఆలోచించి, “శాస్త్రంల కాకి గురించి ఉన్నది, ఒంటె గురించి నేను చదువలేదు” అన్నాడు. మా బావగారైతే, పిలిచాక వచ్చిందా, పిలవకముందా అని అడిగాడు. పిలిచాకే వచ్చింది. అడిగాక కూడా. కానీ గేటు తెరిచి ఉండబట్టి వచ్చింది.

నాకైతే ఒక్కోనాడు ఆయన తృప్తిగా తిని పోయాడనిపిస్తుంది. ఒక్కోనాడు ఒక ఒంటె తినిపోయిందనిపిస్తుంది. బీడీలు చుడుతూ ఇప్పుడు ఆయన్ని బతిమాలడం లేదు. ఏం మాట్లాడాలో తోచక ఊరికే ఉంటున్నాను. ఇది నెమ్మదో, ఇంకేదో ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే చెప్పాలి.

ఇదంతా రాసింది మా తమ్ముడి బిడ్డ సుమ. జగిత్యాల కాలేజీలో చదువుతుంది. మూడు ఆదివారాలు నా ఎదురుగా కూర్చుని రాసింది.

ఇగ చాలు సుమా, పెన్ను పెట్టు. మొదటికెల్లి ఒక్కసారి సదువు బిడ్డా, ఎవలో వేరేటోళ్ల ముచ్చట లెక్క నేనింట. మెల్లగ సదువు. మీ మామ మాట్లాడిన కాడ మాత్రం నీ గొంతుతోనే సదువు, ఆయన లెక్క సదువకు.